తిన్నాను అమ్మా

చర్చి నుంచి వచ్చి చాలాసేపైనా లీలావతి చీర మార్చుకోలేదు. ఒడిలో ఫోను పెట్టుకుని కూర్చుంది. డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ క్వార్టర్లన్నిట్లో కుక్కర్లు కూస్తున్నాయి. ఆమె పొయ్యి ఇంకా వెలిగించలేదు.

బిలాస్‌పూర్ నుంచి బదిలీ మీద పక్కింట్లో కొత్తగా దిగిన ఉమారాణి పప్పు గిన్నెతో వచ్చింది. గోడ మీద నీలం టోపీ కుర్రాడి ఫొటో చూసింది.

"మీ ఎలీషాయేనా పిన్నిగారూ? శాంతిసేనలో సౌత్ సూడాన్ వెళ్ళాడంట కదా?"

"వెళ్ళాడమ్మా. ఊళ్ళు తగలబడి పారిపోయొచ్చిన జనాన్ని కంచె లోపల పెట్టి కాపాడాలి. అదీ వాళ్ళ డ్యూటీ."

"మొన్న దాడి జరిగిందీ ఆ శిబిరం మీదేనా? టీవీలో చూపించారు."

లీలావతి తలూపింది. "ప్రతి ఆదివారం ఈపాటికి ఫోనొచ్చేసేది."

"వచ్చేస్తుంది లెండి. టెన్షన్ మత్ లో."

గోడవైపు తిరిగి పడుకున్న లీలావతి భర్త దానియేలు గొణిగాడు. "ఈసారి నేను తట్టుకోలేను లీలా."

ఫోను మోగింది. లీలావతి స్పీకర్ పెట్టింది. ఎలీషా దళంలోని కుర్రాడే.

"ఆంటీ, సందీప్‌ని. క్యాంపు నుంచే. ఇదిగో, ఇస్తున్నా."

లీలావతి ఒక్కొక్క మాటా విడదీసి, గోరుముద్దలు పెట్టినట్టు అడిగింది. "కంచె దాటి పోలేదు కదా? దెబ్బలేం తగల్లేదు కదా?"

గరగరల మధ్య సన్నటి గొంతు వినిపించింది. "తిన్నాను అమ్మా."

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"బాగున్నాను అమ్మా."

ఉమారాణికి నవ్వొచ్చింది. "ఒకటడిగితే ఇంకోటి చెబుతాడే, అచ్చం మా ఆయనే. గొంతేంటి పిన్నిగారూ అంత పీలగా? బాగా చిక్కిపోయుంటాడు."

లీలావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏ ఆదివారమూ ఆ ఫోను ముట్టని దానియేలు లేచొచ్చి చెయ్యి చాపాడు.

"తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను అమ్మా."

"అరే, నాన్నని పట్టుకుని అమ్మా అంటాడేంటి?" అంది ఉమారాణి.

అవతల లైను తెగిపోయినా దానియేలు ఫోను కిందికి దించలేదు. లీలావతి కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించడానికి లేచింది.

ఎలీషా కిందటేడు తన ప్రాణమిచ్చి కాపాడిన ఆ శిబిరం పిల్లకి వచ్చిన తెలుగు, ఆ మూడు మాటలే.