వెలుతురు చాలదు

“గింత చీకటేందమ్మా?” అన్నాడు దినేశ్, గోడకు ఆనించిన చిత్రం ముందు నడుము మీద చేతులుంచి.

చిత్రకారిణి రోహిణి నిట్టూర్పును మింగింది. “సార్, డచ్చి చిత్రకారుల రాత్రి దృశ్యంలా కావాలన్నది మీరే కదా! గదంతా చీకటి. పడక కుర్చీలో అమ్మగారు, చేతిలో ఒక్క కొవ్వొత్తి. ఆ చీకటే దీనికి ప్రాణం సార్.”

“నాకు తెల్వదా? ఆమ్‌స్టర్‌డామ్‌ల మ్యూజియమంతా తిరిగొచ్చిన. గానీ మా అమ్మ కట్టుకున్నది గద్వాల చీర. అంచు కనవడొద్దా?”

కొత్తగూడలోని ఆ ఫ్లాటులో సాయంకాలం దినేశ్ తల్లి కిష్టమ్మ పుట్టినరోజు వేడుక. తన పేరు రాసుకున్న చిత్రాన్ని నలుగురి ముందు నిలపడం రోహిణికి ఇదే తొలిసారి. ఇది నచ్చక తిప్పి పంపితే మళ్ళీ పిలిచేవారుండరు. నేల మీద చతికిలబడి కుంచె అందుకుంది. చీర అంచు తళుక్కుమంది.

“కిటికీ నల్లగుందేంది?” అంది దినేశ్ భార్య ప్రశాంతి. “ఫ్లైఓవర్ కనవడేటట్టు వెయ్యరాదూ! గా వ్యూ కోసమే గదా గీ ఫ్లాటు తీసుకున్నం.”

ఫ్లైఓవర్ వచ్చింది. దాని వెంట నీలాకాశమూ రాక తప్పలేదు. మంటకు అడ్డుపెట్టిన అరచేయి ముఖాన్ని కప్పుతోందని దినేశ్ రెండు చేతులూ ఒళ్ళోకి దింపించాడు. దాంతో కొవ్వొత్తి కుర్చీ తలాపున ఉన్న స్టూలు మీదికి చేరింది. నడుమ సంధ్య అన్నదే లేకుండా రాత్రిని పగలు చేయడం బ్రహ్మదేవునికైనా చేతకాదు. ఆ దంపతులు రోహిణి చేత మధ్యాహ్నానికల్లా చేయించారు.

ఆమెకు ఓపిక నశించింది. “ఇంత ఎండలో ఇంక కొవ్వొత్తి ఎందుకు సార్? తీసేయనా?”

“అరె, అదే తీసేస్తే డచ్చి బొమ్మ ఎట్లయితది? ఉండనియ్యి!”

సాయంత్రం చుట్టాలు చేరారు. కొత్త పట్టుచీరలో కిష్టమ్మ వచ్చి నిలబడగానే చిత్రం మీది గుడ్డ తొలగించారు. చప్పట్లు మారుమోగాయి.

“ఎట్లుందే అమ్మా?” అన్నాడు దినేశ్ మురిసిపోతూ.

కళ్ళు అరమూసి కుర్చీలో వెనక్కి వాలిన తన రూపాన్ని కిష్టమ్మ రెప్పవేయక చూసింది. స్టూలు మీది కొవ్వొత్తి వైపు వేలు చూపింది.

“పట్టపగలు తలకాడ దీపం వెట్టినవేందిరా కొడుకా, నేనింక సావలేదు గదరా!”