ఉత్తుత్తి ఎనిమిది లక్షలు

“సగం పోయిందమ్మా” అన్నారు ప్రభుదాస్ గారు, ఫోనులోంచి తలెత్తకుండానే.

కాఫీ అందిస్తున్న షారోన్ పెదవి కొరుక్కుంది. ఏడుపు ఆపుకోవడానికి కాదు, నవ్వు ఆపుకోవడానికి.

“ఏ కాయిన్ డాడీ?”

“అదే, వాకింగులో రంగనాథ్ గారు చెప్పింది. ‘ఫికర్ చెయ్యకు సారూ, వారంల డబుల్ అయితది’ అన్నాడు. ఇప్పటిదాకా పోయింది పోగా మిగిలిన ఆరు లక్షలూ దాంట్లోనే పెట్టాను. ఇప్పుడు మూడున్నాయి.”

వంటింట్లోంచి రెబెక్కా గారు చేతులు తుడుచుకుంటూ బాల్కనీలోకి వచ్చారు. ఆ మాట ఆవిడ చెవిన పడింది.

“ఏమండీ, మన ముసలితనానికి మిగిలింది ఆ ఎనిమిది లక్షలే. అదీ తగలేశారా?”

“పడ్డవాడే నడక నేర్చుకుంటాడు రెబెక్కా. ఈ మార్కెట్టు అంతు చూసేదాకా వదలను. పిల్ల ముందు చెయ్యి చాపే రోజు మాత్రం రానివ్వను.”

ఆయన నోటుబుక్కు తెరిచి, ఆ కాయిన్ పేరు మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టారు. ముప్పై నాలుగేళ్లు తెనాలి మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక నల్లగండ్లలో కూతురి ఏడో అంతస్తు ఫ్లాటుకి వచ్చేసిన మనిషి. పట్టుకుంటే ఉడుం పట్టే.

తొమ్మిది నెలల కిందట ఆయన పట్టు ఈ క్రిప్టో కాయిన్ల మీద పడింది. వద్దని షారోన్ వారం రోజులు పోట్లాడింది. వినలేదు. అప్పుడు తన ఉద్యోగమే ఆమెకు దారి చూపించింది. కోకాపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె టెస్టర్. కొత్త ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడమే పని. “టెస్టులో ఫెయిలైంది ఏదీ జనంలోకి వదలం డాడీ” అని భోజనాల దగ్గర గొప్పగా చెప్పేది. ఆ బుద్ధితోనే తండ్రి ఫోనులో ఒక ప్రాక్టీసు యాప్ పెట్టింది. అందులో ధరలన్నీ నిజమే, డబ్బే ఉత్తుత్తిది. ఎనిమిది లక్షలని అంకె వేసి, “నీ డబ్బు బ్యాంకు నుంచి ఇందులోకి పంపేశాను” అని నమ్మించింది.

“మరి బ్యాంకు మెసేజీ రాలేదేంటమ్మా?” అని ఆ రోజే అడిగారాయన.

“సర్వర్ డౌన్ డాడీ.”

“ఈ మూల డెమో అని ఉందేంటి?”

“అది కంపెనీ పేరు డాడీ.”

లెక్కల మాస్టారు తలూపారు. షారోన్ ఊపిరి పీల్చుకుంది. ఎన్ని పోగొట్టుకున్నా అవి గాలి లక్షలే. అసలు డబ్బు బ్యాంకులో చల్లగా ఉంటుంది. నాలుగు దెబ్బలు తగిలితే తనే మానుకుంటాడు అనుకుంది.

ఆయన మానుకోలేదు. పొద్దున్నే ఆరింటికల్లా పేపరూ, నోటుబుక్కూ ముందేసుకుని బాల్కనీలో కూర్చునేవారు. ఎవరు ఏ కాయిన్ బాగుందన్నా కొనేవారు. వారం చూసేవారు, పోగొట్టుకునేవారు, ఎర్రగీత కొట్టేవారు. ఎప్పుడైనా ఒక పేరు గీత లేకుండా మిగిలేది. ఆ తర్వాత పగిలిన పాత ఫోను పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకునేవారు. “కాసేపు పాటలు వింటానమ్మా” అనేవారు. పాపం, ప్రభువు పాటల్లో ఓదార్పు వెతుక్కుంటున్నారని షారోన్‌కి జాలేసేది.

ఇప్పుడు తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకోవడం చూసేసరికి, ఇంకా దాచి లాభం లేదనిపించింది.

“మమ్మీ, ఏడవకు. రూపాయి కూడా పోలేదు.”

రెబెక్కా గారు బిత్తరపోయి చూశారు.

“అది ఉత్తుత్తి యాప్. డాడీ చెయ్యి కాల్చుకోకూడదని నేనే పెట్టాను. అసలు ఎనిమిది లక్షలూ బ్యాంకులోనే ఉన్నాయి. సారీ డాడీ, తొమ్మిది నెలలు నిన్ను మోసం చేశాను.”

తండ్రికి కోపం వస్తుందనుకుంది. ఆయన తాపీగా కాఫీ తాగుతున్నారు. దెబ్బకి మాట పడిపోయిందేమోనని ఆమెకు భయమేసింది. పరుగున లోపలికెళ్లి, ఆయన బైబిల్లో దాచుకునే పాస్‌బుక్కు తెచ్చి తల్లి ముందు విప్పింది.

“చూడు మమ్మీ...”

పుస్తకంలో ఆఖరి వరస తొమ్మిది నెలల కిందటిది. ఎనిమిది లక్షలు బయటికి వెళ్లాయి. మిగిలింది నాలుగు వేలు.

షారోన్ పేజీ వెనక్కి తిప్పి చూసింది. తను ఆఫీసులో రోజుకు వంద తప్పులు పట్టుకుంటుంది. ఇంట్లో ఒక్కసారి పాస్‌బుక్కు తెరిచి చూడలేదు.

“డాడీ, డబ్బేదీ?”

“మెసేజీ రాకపోతే లెక్కల మాస్టారు ఊరుకుంటాడా? ఆ వారమే బ్యాంకుకెళ్లాను. డబ్బు కదల్లేదు. డెమో అంటే ఏంటో అక్కడి అమ్మాయి చెప్పింది.”

“అయితే ఎనిమిది లక్షలూ...”

“నిజం యాప్‌లో వేశాను.”

“అయ్యో ప్రభువా!” అని రెబెక్కా గారు కుర్చీలో కూలబడ్డారు. షారోన్‌కి కాళ్ల కింద ఏడు అంతస్తులూ కదిలినట్టయింది. ఆయన లేచి వెళ్లి పగిలిన పాత ఫోను తెచ్చి కూతురి చేతిలో పెట్టారు.

అందులో పాటల్లేవు. అదే యాప్, మూల డెమో అన్న మాట లేదు. రాత్రి మార్కెట్టంతా కూలినా, పైన మొత్తం ఎనిమిది లక్షల పంతొమ్మిది వేలు. షారోన్ రెండుసార్లు అంకెలు లెక్కపెట్టింది. కింద ఉన్న పేర్లు నాలుగే. నోటుబుక్కులో ఎర్రగీత పడని నాలుగు.

“రంగనాథ్ గారి కాయిన్ ఇందులో కొనలేదా డాడీ?”

ప్రభుదాస్ గారు ఖాళీ కప్పు కింద పెట్టారు.

“టెస్టులో ఫెయిలైంది కదమ్మా!”