జఫర్‌గఢ్ ఊరేగింపు

ఆ బూట్లను ముందుగా కనిపెట్టింది గోవర్ధన్.

"తలకు రుమాలు, కాళ్ళకు పోలీసు బూట్లు. వెంకట్రాజం, గీడు సీఐడీ రా!" అని చెవిలో గొణిగాడు.

వెంకట్రాజం ఓరగా ఆ ముసలాయన కాళ్ళకేసి చూశాడు.

అరవై తొమ్మిది, జూలై నెల. కాలేజీలకు తాళాలు పడి నెలలు గడిచాయి. మఫ్టీ పోలీసు బట్టలు మారుస్తాడు గానీ బూట్లు మార్చడని ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఉన్న ప్రతి కుర్రాడికీ తెలుసు. ఎల్లుండే జనగామలో ఊరేగింపు. పేర్లు బయటపడ్డాయంటే అందరూ వరంగల్ జైల్లో తేలతారు.

ఆ ముసలాయన నర్మెట్ట పక్క లంబాడీ తండా నుంచంటూ వారం రోజులుగా వస్తున్నాడు. స్టేషన్ ముందు గట్టయ్య హోటల్లో విద్యార్థులు చేరే బల్ల పక్కనే నేలమీద కూర్చుంటాడు. పట్నం నుంచి రైల్లో పేపరు దిగుతుంది, గోవర్ధన్ గొంతెత్తి చదువుతాడు. ప్రపంచంలో ఏ మూల నిప్పంటుకున్నా జనగామలో పొగ లేచేది ఆ బల్ల దగ్గరే.

ఆవేళ చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన వార్త. దాని కిందే వియత్నాం యుద్ధం.

"చందమామ మీద నడిచిండ్రా!" ముసలాయన నోరు తెరిచాడు.

"నడిచిండ్రు నాయక్, అమెరికావోళ్ళు. గా అమెరికానే గీ వియత్నాం ముంగట ఆగమైతున్నది," అన్నాడు గోవర్ధన్.

"వియత్నాం అంటె ఎవలు?"

"చిన్న దేశం. మనసొంటి రైతులే. భూమిల సొరంగాలు తవ్వుకొని కొట్లాడుతున్నరు."

"ఏం గావాల్నట?"

"వాళ్ళ రాజ్యం వాళ్ళకు."

ముసలాయన పేపరు మీదికి వంగాడు.

"మీరడిగేది గూడ గదేనా బిడ్డా? గంత పెద్దదా గిది?"

వెంకట్రాజం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఇన్నాళ్ళు ఉపన్యాసాలు దంచిన తమలో ఒక్కరూ అంత సూటిగా అడగలేదు.

ఆ వెంటనే ముసలాయన ఇంకో మాట అడిగాడు.

"మీ ఊరేగింపు ఎప్పుడు బిడ్డా? ఏడ? ముంగట ఎవలు నడుస్తరు?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆ బూట్ల వైపు చూశారు.

"బూట్లు మస్తుగున్నయి నాయక్. ఏడియి?" గోవర్ధన్ వెటకారంగా అడిగాడు.

"మా పోరనియి. పట్నంల కాలేజీల కవాతు చేసెటోళ్ళకు ఇచ్చిండ్రట."

తండా పిల్లవాడికి పట్నంలో కాలేజీ, దాని మీద కవాతు! చెవిలో పువ్వు పెట్టడానికైనా ఒక పద్ధతుండాలనుకున్నాడు వెంకట్రాజం. అప్పుడే అతనికో ఉపాయం తట్టింది.

"ఊరేగింపు గీడ గాదు, జఫర్‌గఢ్‌ల. ఎల్లుండి పొద్దుగాల."

"మీరందరు వస్తరా?"

"అందరం."

"ఖాయమేనా?"

"ఖాయం."

ముసలాయన లేచి, రెండు చేతులూ జోడించి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అనుకున్న రోజున జనగామలో ఊరేగింపు పెళ్ళి మేళంలా సాగింది. ఎప్పుడూ లాఠీలతో బారులు తీరే చోట ఇద్దరే కానిస్టేబుళ్ళు, వాళ్ళూ బీడీలు కాల్చుకుంటూ.

"జీపులన్ని జఫర్‌గఢ్ పోయినయట!" అని గోవర్ధన్ వెంకట్రాజాన్ని భుజాల మీదికెత్తుకున్నాడు. ఆ పూట వెంకట్రాజం తనంత తెలివైనవాడు జిల్లాలోనే లేడనుకున్నాడు.

సాయంత్రం గట్టయ్య వచ్చాడు. జఫర్‌గఢ్‌లో చెల్లెలింటికి వెళ్ళి వస్తున్నాడు.

"జీపులు ఊకెనే రాలె. ఆడ నిజంగనే ఊరేగింపు దీసిండ్రు," అన్నాడు.

"ఎవలు?"

"మనకాడ నేలమీద కూసునెటాయన. ధన్‌సింగట ఆయన పేరు. నలభైమంది తండా జనాన్ని బండ్లల్ల తెచ్చిండు. అందరు ముసలోళ్ళు, ఆడోళ్ళే. మీ కోసం చూసిచూసి, పోరగాండ్లు ఏడ చిక్కిండ్రో ఏమో, మనమన్న నడుద్దామని తనే ముంగట నడిచిండు."

గోవర్ధన్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"లాఠీలు పడ్డయి. తల పగిలింది. ఎవడు రమ్మన్నడో పేరు చెప్పుమని, నాలుగు దెబ్బలకొకపారి అడిగిండ్రు."

వెంకట్రాజం లేచి నిలబడ్డాడు. వారం రోజులు పక్కనే కూర్చున్న మనిషి. బల్ల దగ్గరి ప్రతి పేరూ ఆయనకు తెలుసు.

"ఏం చెప్పిండు?"

"నా కొడుకు లింగ్యా నడువుమన్నడు అన్నడు. ఎంత కొట్టినా గదొక్కటే మాట. వరంగల్ జైలుకు తోలిండ్రు. రేపు లింగ్యాను పట్టుకరానీకి తండాకు పోతరట."

ఎవరి పిల్లలనో కాపాడడానికి కన్నకొడుకును అప్పగించాడా! చంద్రుడి మీద మనిషి నడిచాడన్నప్పుడు కూడా వెంకట్రాజానికి ఇంత ఆశ్చర్యం కలగలేదు. సిగ్గేసింది. ఆ కొడుకునైనా కాపాడాలనుకున్నాడు.

తెల్లవారుతూనే సైకిలెక్కి నర్మెట్ట దారి పట్టాడు. అడుగుతూ అడుగుతూ తండా చేరేసరికి బాగా పొద్దెక్కింది.

గుడిసె ముందు ధన్‌సింగ్ భార్య సుక్కి జొన్నలు చెరుగుతోంది.

"అవ్వా, జల్ది! పోలీసులొస్తున్నరు, మీ లింగ్యాను ఏడన్న దాచిపెట్టు," అంటూ వగర్చాడు వెంకట్రాజం. "తప్పు నాదే. నాయక్‌కు జఫర్‌గఢ్ అని అబద్ధం చెప్పింది నేనే."

సుక్కి తిట్టలేదు. చేట పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చింది.

"వస్తె రానీ బిడ్డా," అంది. "మా లింగ్యా పట్నంల ఊరేగింపుల ముంగట నడుచుకుంట, తుపాకి గుండు తగిలి పోయి రెండు నెలలాయె."