పన్నెండో ఫ్రెట్ దగ్గర జీర

“ఇది బాగుచెయ్యడమా మాస్టారూ? దానికున్న ప్రాణం కాస్తా తీశారు!”

ఎలక్ట్రిక్ గిటారుని బల్లమీద విసిరినంత పనిచేసింది ఆ అమ్మాయి. రిపేరు షాపు మాస్టారు ఊడిన తీగని అతికిస్తున్నవాడల్లా పని ఆపి, కళ్ళజోడు మీంచి ఆమెని ఎగాదిగా చూశాడు. నిన్న సాయంత్రం తన చేతులతో సరిచేసి ఇచ్చిన గిటారే.

“ఏమైందట దానికి?”

“మూడో తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే జీర. రేకు అదిరినట్టు జుయ్యిమంటోంది. ఐదింటికి స్టూడియోలో నాకు పరీక్ష. బ్యాండులో ఉన్నది ఒకే ఒక్క ఖాళీ, దానికి మిగిలింది ఇద్దరం. ఇప్పుడు టైము మూడున్నర. దీంతో వెళ్ళి ఏం వాయించమంటారు, నా తలకాయా?”

మాస్టారు గిటారుని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆంప్లిఫయర్ జోలికి పోలేదు. జీర సంగతి తేలాలంటే ముందు వట్టి గిటారునే వినాలి, షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన చెప్పే మొదటి పాఠం అది. గిటారు మెడమీద వీణమెట్లలా ఉండే ఫ్రెట్లలో పన్నెండోదాని దగ్గర వేలు నొక్కి మీటాడు. మళ్ళీ మీటాడు. జుయ్యిమంది. మళ్ళీ జుయ్యిమంది.

“ఏదీ? గంట కొట్టినట్టు ఖంగుమంటోంది కదా!”

“గంట కాదు, నా కొంప మునుగుతున్న చప్పుడది! నిజంగా వినబడట్లేదా మీకు?”

అంతే, మాస్టారు ఒంటికాలి మీద లేచాడు.

“ముప్ఫై ఏళ్ళ నుంచీ ఇదే బల్ల దగ్గర కూర్చున్నాను. నువ్వొచ్చి నాకు చెవులు లేవంటావా? తప్పంతా నీ చేతిది! వెంట్రుకల్లాంటి తీగలు వేయించుకుని, బట్టలుతికినట్టు బాదితే జీర రాక ఇంకేం వస్తుంది? తీగల సైజు మార్చినప్పుడల్లా మెడ వంపు చూసుకోమన్నానా? చూశావా? వాయించాక చెమట తుడవమన్నానా? ఏనాడైనా తుడిచావా? గిటార్లు తీసుకెళ్ళి ఎండలో కార్లో పడేస్తారు, మెడ వంగితే మాత్రం మాస్టారు చేతకానివాడు!”

“నాకు కారే లేదు! నిన్న సాయంత్రం తీసుకెళ్ళాను, ఇవాళ తీసుకొచ్చాను. మీ తప్పు నా నెత్తిన రుద్దకండి.”

“ముందు గొంతు తగ్గించు.”

“తగ్గించను. అరిస్తేనన్నా మీకు వినబడుతుందేమో!”

పక్క షాపులవాళ్ళు పని మానుకుని గుమ్మంలోకి తొంగిచూశారు. దాంతో మాస్టారికి మరింత తిక్క రేగింది. వెనకగదివైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

“ఏమేవ్! ఒకసారి ఇటు రా!”

కొత్త తీగల పొట్లాలు సర్దుకుంటున్న ఆయన భార్య చేతులు దులుపుకుంటూ వచ్చింది.

“మా ఆవిడవి పాముచెవులు,” అన్నాడు మాస్టారు అందరికీ వినబడేలా. “వీధి చివర స్కూటర్ ఆగితే ఎవరిదో ఇక్కణ్ణించి చెప్తుంది. ఆవిడే తేలుస్తుంది. చెప్పవే, ఇందులో జీర ఉందా?”

మూడుసార్లు మీటాడు. మూడుసార్లూ జుయ్యిమంది. ఆవిడ గిటారు వంక చూసింది, మొగుడి మొహం వంక చూసింది.

“లేదు,” అంది. “శుభ్రంగా ఉంది.”

ఆ అమ్మాయికి నెత్తురు సలసలా మరిగింది. “ఓహో, మొగుడూ పెళ్ళాలూ కూడబలుక్కున్నారన్నమాట! ఐదేళ్ళు వేళ్ళు కాయలు కాసేలా నేర్చుకున్నానండీ. అదంతా ఒక్క అబద్ధంతో బూడిదలో పోశారు. మళ్ళీ ఈ గడప తొక్కితే ఒట్టు!”

గిటారుని సంచిలో కుక్కుకుని విసవిసా వెళ్ళిపోయింది. “ఈ కాలం పిల్లలకి నోరే గానీ చెవుల్లేవు!” అని వెనకనుంచి మాస్టారి కేక.

వీధి మలుపు తిరిగిందో లేదో, “ఆగమ్మా!” అంటూ మాస్టారి భార్య రొప్పుతూ వచ్చింది.

“ఎందుకు ఆగాలి? ఇంకో అబద్ధమేమైనా మిగిలిపోయిందా?”

ఆవిడ గిటారు సంచి లాగేసుకుని, మూసున్న ఒక షాపు మెట్లమీద చతికిలబడింది. తీగ వదులు చేసి పక్కకి జరిపింది. బొడ్లో దోపుకొచ్చిన పనిముట్ల పొట్లంలోంచి చిన్న ఉక్కుపట్టీ తీసి ఒక్కో ఫ్రెట్ మీదా ఆనించుకుంటూ వచ్చింది. పదమూడో ఫ్రెట్ దగ్గర పట్టీ టకటకమని ఊగింది.

“ఇదీ దొంగ. పక్కవాటికంటే వెంట్రుకవాసి పైకి లేచింది. పన్నెండు దగ్గర నొక్కితే తీగ పోయి దీనికి తగుల్తోంది.”

సన్నటి ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దింది. ఉప్పుకాగితంతో నునుపు చేసింది. తీగ మళ్ళీ బిగించి, శ్రుతి సరిచూసి, గిటారు ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

ఆ అమ్మాయి మీటింది. పదిసార్లు మీటింది. జీర మచ్చుకైనా లేదు. దాంతో కోపం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది.

“ఇంత పనితనం చేతిలో పెట్టుకుని లోపల అలా ఎలా బొంకారండీ? మొగుడంటే అంత భయమా?”

“భయమా, నా మొహమా! ఆ సన్నటి చప్పుడు ఆయన చెవికి అందక రెండేళ్ళయింది. ఆ సంగతి ఆయనకింకా తెలీదు. తెలిసిన మర్నాడు షాపు తెరవడు, మంచం ఎక్కేస్తాడు.”

“అందుకని మా గిటార్లు తగలబడిపోవాలా? మాస్టారి చెయ్యి పడితే ఇక జీరన్నది ఉండదని ఊరంతా చెప్తేనే కదా నేనొచ్చింది! అదంతా అబద్ధమేగా!”

“అబద్ధం కాదమ్మా,” అంటూ ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. “రెండేళ్ళ నుంచీ ఆయన బాగుచేసిన ప్రతి గిటార్నీ, ఆయన భోజనానికి వెళ్ళగానే నేను మళ్ళీ బాగుచేస్తున్నాను. నిన్న జ్వరమొచ్చి పడుకున్నాను, నీదొక్కటే నా కళ్ళబడకుండా వెళ్ళిపోయింది.”