మూడో వరుస

కొత్త బండి డ్రైవర్ సీట్లో కూర్చోవడానికి పదిమంది వరుసలో నిలబడ్డారు. చిట్టచివరి సీట్లో మాత్రం ఒక ముసలామె కూర్చుని దిగడం లేదు.

హన్మకొండ షోరూంలో ఆ ఉదయం కార్ల పిచ్చోళ్లంతా చేరారు. ఏడు సీట్ల ఆ పెద్ద బండిని కంపెనీ పూర్తిగా మార్చి తెచ్చింది. పదకొండు గంటలకు ఎవరో అతిథి వచ్చి కొబ్బరికాయ కొడతారు. వీడియోలు తీసే శశాంక్ లాంటివాళ్లను తొమ్మిదికే లోపలికి రానిచ్చారు.

బండి ఎవరికీ నచ్చలేదు. ముందుభాగం నవ్వే బర్రె మొహంలా ఉందని ఒకరన్నారు. పాత మోడల్ వస్తుంటే ఎమ్మెల్యే వచ్చినట్టుండేది, ఇది వస్తే స్కూలు వ్యాను వచ్చినట్టుందని ఇంకొకరు. అన్నిటికంటే ఎక్కువ తిట్లు తిన్నది మధ్య వరుస సీటు వీపుకు వేలాడుతున్న పసుపు పట్టీ.

“సూటేసుకొని నడుముకు పగ్గం కట్టుకున్నట్టున్నది” అన్నాడు శశాంక్ స్నేహితుడు సాయితేజ.

శశాంక్ రెండేళ్లలో తన ఛానెల్‌లో వంద బండ్లు చూపించాడు. చూసేవాళ్లు మాత్రం ఎప్పుడూ వెయ్యి దాటలేదు. ఈ వీడియో కూడా ఆడకపోతే వర్ధన్నపేటలోని ఎరువుల దుకాణంలో కూర్చోవాల్సిందేనని నాన్న తేల్చి చెప్పాడు. అందుకే ఇంకెవరికీ దొరకనిది ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు.

దొరికింది.

ముసలామె ఆ పసుపు పట్టీని గుంజుతోంది. గుంజినప్పుడల్లా ముందున్న సీటు వంగుతోంది. దాన్ని వెనక్కి లాక్కుని మళ్లీ గుంజుతోంది.

శశాంక్ ఫోన్ తీశాడు.

“అవ్వా, జాతర్ల రంగులరాట్నం అనుకున్నవా?”

చుట్టూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆమె కూడా కొంచెం నవ్వింది. శశాంక్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. ఫోన్ మాత్రం దించలేదు.

ఆమె మెల్లగా దిగి అతని దగ్గరికే వచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చిందని అప్పుడు గమనించాడు.

“బిడ్డా, జర నువ్వు లోపట కూసోని గుంజవా? నేను బయట నిలవడి చూస్త.”

“వెనక సీట్లనా? నేనా?”

వంద బండ్లలో ఒక్కదాని మూడో వరుసలోనూ అతను కూర్చోలేదు. వీడియోలు తీసేవాళ్లెవరూ కూర్చోరు. స్టీరింగ్ పట్టుకుంటారు, ఇంజిన్ చప్పుడు వింటారు, వెనక్కి కెమెరా ఒకసారి తిప్పి ‘పిల్లలకు సరిపోతుంది’ అంటారు. అతనూ వందసార్లు ఆ మాటే అన్నాడు.

“ఒక్కసారి బిడ్డా. మెల్లగ గుంజు. చిన్నపిల్ల గుంజినట్టు.”

“ఇంతమందిమి లైన్ల ఉన్నం అవ్వా. జర పక్కకు జరుగు.”

ఆమె ఇంకెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూసింది. అందరి చేతుల్లోనూ ఫోన్లే ఉన్నాయి. కొంగు సర్దుకుని బయటికి వెళ్లి, చెప్పులు తొడుక్కుంది. అద్దాల అవతల కాసేపు నిలబడింది. తర్వాత కనిపించలేదు.

వీడియో పెట్టేముందు శశాంక్ వేలు ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత దానికి ‘ఏడు సీట్ల ఊయల’ అని పేరు పెట్టాడు.

పావుగంటలో నాలుగు వేలమంది చూశారు. సాయితేజ వీపు చరిచాడు. ఎందుకో శశాంక్ మాత్రం దాన్ని రెండోసారి చూసుకోలేకపోయాడు.

పదకొండు దాటింది. అతిథి రాలేదు.

కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు సుభాషిణి గుమ్మం దగ్గర ఎవరికో ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. శశాంక్ ఆమె దగ్గరికి వెళ్లి, ఆ పసుపు పట్టీ ఏ మహానుభావుడి ఆలోచనని అడిగాడు.

“మా ఆలోచన కాదు తమ్మీ. ఇప్పుడు రావాల్సినామెది.”

ఆరేళ్లుగా కంపెనీకి నెలకో ఉత్తరం వచ్చేదట. ఆమెకు రాయడం రాదు. వర్ధన్నపేట పక్క పల్లె నుంచి బడిపిల్లలతో రాయించేది కాబట్టి ప్రతి ఉత్తరం వేరే చేతిరాత. ఆఫీసులో తెలుగు చదవగలిగింది సుభాషిణి ఒక్కతే. సీటు వంచే మీట తలుపు పక్కనే ఉంటే వెనక కూర్చున్నవాళ్లకు ఎట్లా అందుతుంది? అన్ని ఉత్తరాల్లోనూ అదే ప్రశ్న. పైవాళ్లు నవ్వారు. ఆమె రాయిస్తూనే ఉంది.

“సోమక్క అంటరు. నేను గూడ ఆమెను ఎన్నడు చూడలే. కారు పంపుతమంటె వద్దని బస్సుల వచ్చింది. నా కండ్లతోని చూసుకున్నంకనే కొబ్బరికాయ కొడుత అన్నది. ఇప్పుడు ఫోన్ ఎత్తుతలేదు.”

శశాంక్ వీడియో తీసేద్దామని ఫోన్ తెరిచాడు. పైన నాన్న మెసేజ్ ఉంది. మొదటిసారి మెచ్చుకున్నాడు. మన వర్ధన్నపేట గ్రూపులన్నిటికీ పంపిన, ఊరంతా నవ్వుతున్నరు అని రాశాడు.

శశాంక్ రోడ్డు మీదికి పరుగెత్తాడు. స్టాపులో ఎవరూ లేరు. వర్ధన్నపేట బస్సు ఎప్పుడో పోయిందని కొట్టు దగ్గరి మనిషి చెప్పాడు.

తిరిగి వచ్చేసరికి సుభాషిణి ఇంకా గుమ్మంలోనే ఉంది.

“అక్కా, ఆమె ఎందుకు గంత పట్టు పట్టింది?”

సుభాషిణి చెవి దగ్గరి ఫోన్ దించింది.

“ఏడేండ్ల కింద పెండ్లికి పోతుంటె వాళ్ల బండి కాలువల పడ్డది తమ్మీ. ముందటోళ్లంత బయటపడ్డరు, ఆఖరి సీట్ల ఆమె మనుమరాలు లోపటనే ఉండిపోతె, ఆమె బయట నిలవడి చూసింది.”