జాతరల దొరికినోడు

"మీ అమ్మకా, నాన్నకా?" అని అడిగింది డాక్టర్ ప్రేమలత, హైదరాబాద్ నుంచి వచ్చిన రిపోర్టు మీద నుంచి తలెత్తకుండా.

రాజమౌళికి అర్థం కాలేదు. "ఏంది మేడం?"

"ఈ కాళ్లు. ఎవరి నుంచి వచ్చాయి అని."

ముప్పై ఎనిమిదేళ్ల రాజమౌళి తన కాళ్ల వంక చూసుకున్నాడు. పిక్కలు పుల్లల్లా ఉన్నాయి. వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. నడిస్తే పాదం లేవదు. మోకాలు పైకి ఎగేసి టప్పున కింద వెయ్యాలి. చెప్పు ఎక్కడ జారిపోయిందో పది అడుగులు పోయాక గానీ తెలియదు. చిన్నప్పటి నుంచీ అందరూ పోలియో అన్నారు, తనూ అదే అనుకున్నాడు. తన జిరాక్స్ షాపుకు వచ్చే కాలేజీ పిల్లలు ఆ నడకకు ఏం పేరు పెట్టారో కూడా అతనికి తెలుసు.

"పోలియో కాదు," అంది డాక్టరమ్మ. "కరెంటు వైరు మీద తొడుగున్నట్టే నరం మీద కూడా ఒకటి ఉంటుంది. మైలిన్ అంటాం. ఆ తొడుగును గట్టిగా పట్టి ఉంచడానికి ఒక ప్రొటీన్ ఉంది. నరం బాగున్నన్నాళ్లూ దానికి కాపలా, దెబ్బ తింటే మళ్లీ పెరగడానికి ఆసరా. మీకు ఆ ప్రొటీన్ తయారీలోనే తేడా. ఇది పనిచేస్తే వచ్చేది కాదు, తింటే వచ్చేది కాదు. రక్తంలో వస్తుంది. చాలామటుకు కన్నవాళ్లలో ఒకరికి ఉంటుంది. వాళ్లదీ ఇదే నడక అయ్యుంటుంది."

"తగ్గుతదా?"

"తగ్గించే మందు ఇంకా రాలేదు. ఎక్సర్‌సైజులు చెప్తాను, కాలికి పట్టీ రాస్తాను. ఒకసారి అమ్మానాన్నలను తీసుకురండి."

"సాదినోళ్లు ఉన్నరు గని, కన్నోళ్లెవరో తెల్వదు మేడం. నేను మేడారం జాతరల దొరికిన."

వాళ్లుండే కొత్తవాడలో ఈ కథ తెలియనివాళ్లు లేరు. రామలింగం, లక్ష్మీనర్సమ్మలకు పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లల్లేరు. వాడ జనమంతా కలిసి జాతరకు పోతుంటే, వాళ్లిద్దరూ ఒక దినం ముందే బస్సెక్కారు. పోయింది ఇద్దరు, వచ్చింది ముగ్గురు. తల్లుల గద్దెల వెనక చెట్టు కింద ఒక్కడే ఏడుస్తున్నాడని, మైకులో ఎంత పిలిపించినా ఎవరూ రాలేదని చెప్పాడు రామలింగం. ఇంకేం, సమ్మక్క సారలమ్మలు ఇచ్చిన బిడ్డ! తల్లులు ఇచ్చాక ఆరా తీసే మొనగాడెవడు? కళ్లు పోవూ! వాడంతా కొబ్బరికాయలు కొట్టింది.

తల్లులైతే ఇచ్చారు గానీ లక్ష్మీనర్సమ్మ తీసుకోలేదు. ముద్ద పెట్టేది, మొహం చూసేది కాదు. "కొడుకా" అన్న పిలుపు ఆమె నోట ఒక్కసారీ రాలేదు. పోయినేడు చనిపోయింది. ఆఖరి రోజున కూడా రాజమౌళి నీళ్లు పట్టుకొస్తే మొహం పక్కకు తిప్పుకుంది. పరాయి నెత్తురు కదా, ఆమె మాత్రం ఏం జేస్తది, అనుకున్నాడతను.

పెళ్లి సంబంధాలూ అంతే. "అమ్మలిచ్చిన పిల్లగాడు" అని దండం పెట్టినవాళ్లే, కులం తెల్వనోనికి పిల్లనెట్లిస్తమన్నారు. రాజమౌళి ఒంటరిగానే మిగిలిపోయాడు.

రామలింగం మంచివాడే, కాకపోతే మాటలు తక్కువ. జంపఖానాలు నేసీ నేసీ నడవలేని స్థితికొచ్చి, నాలుగేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. గుంతల కాళ్లు పెట్టి నేసే మగ్గం కాళ్లు తింటదని వాడలో అందరూ అనే మాటే. అందుకే రాజమౌళిని మగ్గం దరిదాపులకు రానియ్యలేదు. బిడ్డ దొరికిన తర్వాత జాతరకూ ఎప్పుడూ పోలేదు. అడిగితే "మొక్కు తీరింది గదా" అనేవాడు.

దవాఖాన నుంచి ఆటోలో వస్తుంటే రాజమౌళికి ఏడుపు రాలేదు. సంబరం వచ్చింది. రోగం పేరు చెప్తే సంబరపడ్డ మనిషి వరంగల్ మొత్తంలో అతనొక్కడే అయ్యుంటాడు. కన్నవాళ్ల ఆనవాలు ఇన్నేళ్లకు దొరికింది మరి. ఫోటో కాదు, పేరు కాదు, నడక!

ఇంట్లో అడుగు పెడుతూనే చెప్పాడు. "బాపూ, బుధవారం జాతర. నేను పోతాన."

"ఈ కాళ్లతోనా?"

"ఈ కాళ్ల కోసమే." డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. "బస్సులు దిగే కాడ కుర్చీ ఏస్కొని కూసుంట. నాలుగు రోజులూ ఆడనే. నాలెక్క మోకాలు ఎగేసి నడిచేటోళ్లు కనవడ్డరనుకో, పోయి కాళ్ల మీద పడత."

"పిచ్చోడా, కోటిమంది వస్తరు రా ఆడికి!"

"రానీ. నాకు ఒక్కలే కావాలె."

"దొరికితే ఏమడుగుతవ్?"

"ఏమడుగ. జరసేపు పక్కన కూసుంట, అంతే. సొంత నెత్తురు పక్కన కూసునుడు ఎట్లుంటదో నాకు తెల్వదు బాపూ."

రాజమౌళి సంచిలో బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. రెండు లుంగీలు, ఒక దుప్పటి, కొత్తగా కొన్న కాలి పట్టీ.

"సంచి కింద పెట్టు," అన్నాడు ముసలాయన. "నర్సమ్మ ఉన్నన్ని దినాలు నోరిప్పనని ఒట్టేసిన. ఆమె పోయి ఏడాదాయె. ఇంక నాతోని కాదు."

మీదున్న చెద్దరు తీసేసి, తన రెండు కాళ్లూ రాజమౌళి ముందుకు చాపాడు. అవే పుల్లల్లాంటి పిక్కలు, లోపలికి ముడుచుకుపోయిన అవే వేళ్లు.

"నువ్వు జాతరల దొరకలె బిడ్డా, నిన్ను కండువల సుట్టుకొని జాతరకు తీస్కపోయిందే నేను."