బోల్టు లేని దిమ్మ

ఆ రాత్రి వాన తెరిపివ్వలేదు. వాననీళ్ళను తోడిపోసే పంపు ఆగితే కింది వీధి ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. మా ఆయన పోయాక ఆ పంపు నడిపేది మా కోడలే. తోడుగా నేనూ వెళ్ళాను.

ఉన్నట్టుండి ఫట్‌మని చప్పుడైంది. పెద్ద గేరు ఇరుసును మోసే ఇనుప దిమ్మను బిగించిన బోల్టులు తెగి కిందపడ్డాయి.

"కొంప మునిగింది అత్తయ్యా! తిరిగినంతసేపూ గేర్లు ఒకదాన్నొకటి అవతలికి తోసుకుంటాయి. ఇక దిమ్మ గోడవైపు జారుతుంది, పళ్ళు విడిపోతాయి."

"అత్తాకోడళ్ళలాగా అన్నమాట," అన్నాను భయం దాచుకుంటూ.

"మన బోల్టులు గట్టివిలెండి."

దిమ్మ వణికింది గానీ జారలేదు. గేర్ల చప్పుడు ఎప్పటికన్నా మెత్తగా ఉంది. కోడలు టార్చి వేసింది. దిమ్మకూ గోడకూ మధ్య ఒక మనిషి పట్టే సందు ఉంది. అందులో ఎవరూ లేరు.

"దీన్ని ఆపాలంటే ఏనుగు బలం కావాలి," అంది గొంతు తగ్గించి.

ఆ ఖాళీ సందుకు దండం పెట్టాలనిపించింది నాకు. కింది వీధిలో ఒక్క గడపా తడవలేదు.

వాన వెలిశాక, చీకట్లోనే కోడలు పంపు ఆపింది. గేర్లు నిలిచాయి. ఇక దిమ్మను తోసేదేమీ లేదు.

నిలిచిన పళ్ళు ఒకదానిలోకొకటి ఇంకా లోతుగా దిగబడుతూ కిర్రుమన్నాయి. ఆ ఖాళీ సందులోంచి ఎవరో ఇంకా తోస్తున్నట్టు దిమ్మ మెల్లగా మావైపు జరిగింది.

కోడలు నా చెయ్యి పట్టుకుంది. "ఇక చాలని మీరే చెప్పండి అత్తయ్యా. మీరు చెబితే మామయ్య వింటారు."

చెప్పాను.

దిమ్మ ఆగలేదు.